ఉంగరంవేలి గోరు

గోళ్ళాయన పోయాడట. కోరాపుట్‌లో ఆయనతో పాటు రైల్వే సిగ్నళ్ళ పని చేసినతను మా కొట్లో చింతపండు తూయించుకుంటూ ఆ కబురు చెప్పాడు. "గుండెనొప్పండి. రెండు నెల్లయిపోయింది," అన్నాడు. ఎప్పుడొచ్చింది, దగ్గర ఎవరున్నారు అని అడగాలి మనిషన్నాక. నేనడిగిన మొదటి మాట, "గోళ్ళు తీసేసేరా?" అని. అతను నావైపు అదోలా చూశాడు. "నేదండి. అలగే ఉన్నాయి," అని సంచీ మూతి కట్టుకున్నాడు.

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. మా ఇంట్లో ఎవరం దాన్ని వాడలేదు. తొంభైల్లో ఆయన రాయగడకి బదిలీ మీద వచ్చి మా పెరటివాటాలో దిగాడు. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, నల్లసంచిలో గిటారు. నాకు అవేవీ కనపడలేదు, గోళ్ళు కనపడ్డాయి. కుడిచేతికి నాలుగు వేళ్ళకి నున్నగా దిద్దిన పొడుగుగోళ్ళు. అదే చేతి చిటికెనవేలికి లేదు. ఎడమచేతికైతే అయిదింటికీ చర్మం దాకా కత్తిరించేసి ఉన్నాయి. పెంచుకునేవాడు రెండు చేతులకీ పెంచుకుంటాడు, తీసుకునేవాడు రెండు చేతులకీ తీసుకుంటాడు. ఈ లెక్కేమిటో నాకు అంతుపట్టలేదు.

నాది పుట్టుకతోనే అనుమానపు బుర్ర. మా ఆయన "తినేసి వచ్చాను" అంటే ఎవరింట్లో అని అడుగుతాను. మా అత్తగారిది నన్ను మించిన బుర్ర. మాది చింతపండు హోల్‌సేల్. కొండల మీంచి సంతలకి దిగిన పండులో కొంత ఇంటికి తెచ్చి, మేమిద్దరం పెరటి అరుగు మీద కూర్చుని గింజా ఈనే తీసేవాళ్ళం. తీస్తున్నంతసేపూ ఊళ్ళో ఒక్కొక్కరి సంగతీ తీసేవాళ్ళం. ఆ పనికోసం మా ఇంటి ఆడవాళ్ళు ఎడమ బొటనగోరు పెంచుకుంటారు. కాయని కుడిచేత్తో పట్టుకుని ఆ గోటితో చీలిస్తే గింజ పుటుక్కున ఊడొస్తుంది. ఎడమచెయ్యి అన్నం తినేది కాదు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. ఒక చేతికి ఒక గోరు పెంచుకున్న ఇద్దరాడవాళ్ళం, ఒక చేతికి నాలుగు పెంచుకున్న మగవాణ్ణి చూసి హడలిపోయామని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

"అన్నం తినే సేతికి అమ్మీ," అంది అత్తగారు మొదటిరోజే. "ఎడంసేతికైతే ఏటో అనుకుందుము."

ఆయన అన్నం చెంచాతో తినేవాడు. ఒకసారి పెళ్ళి భోజనాల్లో జేబులోంచి సొంత చెంచా తీసి, రుమాలుతో తుడుచుకుని పప్పన్నం కలుపుకుంటుంటే వడ్డించేవాడు గరిట పట్టుకుని నిలబడిపోయాడు. నూతిలో నీళ్ళు ఎడమచేత్తో తోడేవాడు. తలుపుగడియ మోచేత్తో తీసేవాడు. దణ్ణం పెడితే రెండరచేతులూ ఆనేవి కావు. తల దురదపెడితే వేలికణుపుతో గోక్కునేవాడు. అరటిపండు ఇస్తే తీసుకునేవాడు గాని కమలాపండు ఇస్తే, "కొంచెం ఒలిసి ఇవ్వండి వదినగారూ," అనేవాడు. నలభై ఏళ్ళ మనిషి, పెళ్ళీ పెటాకులూ లేవు, కమలాపండు ఒలుచుకోడు. ఇలాంటివాణ్ణి అనుమానించకపోతే అది నా తప్పు.

గిటారు ఎక్కడ నేర్చుకున్నావని అత్తగారు ఆరా తీసింది. గుణుపురంలో ఒక పాస్టరుగారి దగ్గరన్నాడు. "అయితే ఆళ్ళల్లో కలిసిపోయేడన్నమాట," అని అత్తగారు తేల్చేసింది. తీరా చూస్తే శనివారం శనివారం ఒంటిపూట ఉంటాడు, గోడకి వెంకటేశ్వరస్వామి పటం ఉంది. దాంతో ఆ అనుమానం పోయి ఇంకా పెద్దది పట్టుకుంది. మరి ఈ గోళ్ళన్నీ ఎవరికోసం పెట్టుకున్నాడు అని.

సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలో పీట వేసుకుని గోళ్ళ పని మొదలెట్టేవాడు. చిన్న గిన్నెలో నీళ్ళు, అగ్గిపెట్టె అంత ముక్కలుగా చింపిన ఉప్పుకాగితం. అదీ మామూలు రకం కాదు, తలుపులకి రంగులేసేవాళ్ళు ఆఖరున వాడే నున్నటిది. దాన్ని నీళ్ళల్లో ముంచి ఒక్కొక్క గోటినీ ఒకే వైపుకి అరగదీసేవాడు. మధ్యమధ్య అరచెయ్యి తనవైపు తిప్పుకుని వెలుతురుకి ఎత్తి, వేలికొన కండ మీంచి గోరు ఎంత పైకి కనపడుతోందో చూసుకునేవాడు. చూసి, మళ్ళీ రెండు రాపిళ్ళు. చలికాలం గోళ్ళు పెళుసెక్కుతాయని కొబ్బరినూనెలో వేళ్ళు ముంచుకుని కూర్చునేవాడు.

సరిగ్గా మేం దీపం పెట్టే వేళకే ఇదంతా. అత్తగారు ఊరుకోలేకపోయింది.

"దీపాలేళ గోళ్ళు తియ్యకూడదు బాబూ. ఇంటికి మంచిది కాదు."

"తియ్యడం నేదమ్మా, అరగదీస్తన్నాను."

"రెండూ ఒకటే కాదేటి?"

"కాదమ్మా. తియ్యడమంటే నిమిషం పని. ఇది గంట."

"ఇంటి దగ్గర గోళ్ళ పొడి పడితే తగువులొస్తాయి."

"పడనివ్వనమ్మా," అన్నాడు. ఆ మర్నాటి నుంచి పీట కింద కాయితం పరుచుకుని, రాలిన ప్రతి పిసరూ పోగుచేసి పొట్లం కట్టేవాడు. పెద్దావిడ మాటకి విలువిచ్చి చేసిన పని అది. ఆవిడకి మాత్రం దాంతోటే గుండెల్లో రాయి పడింది.

ఒకసారి నేనే అడిగేశాను, ఈ కొలతేమిటని. ఆయన కుడిచెయ్యి నా ముందు చాపి, సిగ్నల్ పెట్టె గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. "పొడుగైపోతే గోరు తీగని పట్టుకుంటాది వదినగారూ. పొట్టయిపోతే కండొకటే మోగుతాది, మెత్తగ. ముందర కండ తగలాల, దాని ఎనకే గోరు తగలాల. రెండు తగిలినా మోత ఒకటే రావాల." ఒక గోరుకోసం మనిషి ఇంత ఆలోచిస్తాడా, దీని వెనకాల ఇంకేదో ఉండకుండా ఉంటుందా అని నేననుకున్నాను.

ఉందన్నది అత్తగారు. "గోళ్ళూ ఎంట్రుకలూ ఎవుడు దాస్తాడమ్మీ? సిల్లంగోడు దాస్తాడు." చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఒకరి గోటిముక్క చేతికి చిక్కితే వాళ్ళ ప్రాణం చేతికి చిక్కినట్టేనని మా అత్తగారూ, మా అమ్మా, వాళ్ళ అమ్మలూ నమ్మారు. నేను పదో తరగతి ప్యాసయినదాన్ని. పగలు నమ్మేదాన్ని కాదు.

మా కూతురు అమ్మికి అప్పుడు ఆరేళ్ళు. ఆయన గిటారు సంచి విప్పిన చప్పుడైతే చాలు, వెళ్ళి గుమ్మంలో గొంతుక్కూర్చునేది. ఒకరోజు ఆటల్లో దాని వేలిగోరు సగం చిట్లి వేలాడుతోంది. ఆయన దాని వేలు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసి, చిట్లిన ముక్క కత్తిరించి, ఉప్పుకాగితంతో అంచు దిద్దాడు. "నీయి గట్టిగోళ్ళు అమ్మీ. మంచిగోళ్ళు," అన్నాడు. కత్తిరించిన ముక్కని కాయితంలో వేసి మడిచాడు. వంటింటి కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. కూర అడుగంటింది.

నాలుగు రోజులకి అమ్మికి జ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు, మూడు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. మా కొండల వైపు ఆ వణుకు ఏ జ్వరానిదో గొడ్లు కాసుకునేవాళ్ళకి కూడా తెలుసు. నాకూ తెలుసు. మందులు వాడుతూనే ఉన్నాం, రెండోవారంలో రక్తం పరీక్షకి ఇచ్చాం. కాయితం సాయంత్రం వస్తుందన్నారు. ఆ ఒక్కపూట నేను ఆగలేకపోయాను. పిల్ల పెదాలు నల్లబడి, నన్ను చూసి "ఎవరు?" అంది. పక్కనే అత్తగారు, "నా మాట ఇన్నావుకాదు," అంటోంది. ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆయన గది రెండో తాళంచెవి మా దగ్గరే ఉంటుంది.

గదిలో వెతకడానికి ఎక్కువ లేదు. గిటారు సంచి జేబులో నల్లటి ఫొటో రీలు డబ్బా దొరికింది. మూత తీస్తే దూది, దూదిలో పసుపు తిరిగిన గోటిముక్కలు రెండు, వాటి పక్కన వంపు తిరిగిన పల్చటి తెల్లముక్కలు అయిదారు. ఎముకలనుకున్నాను. అంత పల్చటి ఎముక ఏ జంతువుకి ఉంటుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. అందరినీ అనుమానించే బుర్ర, తనని తాను అనుమానించుకోవలసిన చోట పని చెయ్యలేదు.

డబ్బా కొంగున ముడేసుకుని రిక్షా ఎక్కి నాగావళి రేవుకి వెళ్ళాను. నీళ్ళల్లో నడుం దాకా దిగి, ఎంత దూరం విసరగలనో అంత దూరం విసిరాను. కట్టుచీరతోనే మూడు మునకలు వేసి, తడిబట్టలతో ఇంటికొచ్చాను. ఆవపువ్వురంగు చీర, ఎర్రంచు.

సాయంత్రం కాయితం వచ్చింది. మలేరియా. మాత్రలు మార్చారు. ఆయన కూడా అప్పుడే వచ్చాడు, కుడిచేతి ఉంగరంవేలు ఎడమ గుప్పిట్లో పట్టుకుని. పనిలో ఏదో ఇనప మూత జారి గోరు కండ దాకా విరిగిపోయిందట. గదిలోకి వెళ్ళి చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"వదినగారూ, నల్లడబ్బా ఒకటి, ఫొటో రీలుది, ఎక్కడైనా సూసేరా?"

"మేమెక్కడ సూస్తాం? మీ గదికి మీరు తాళం ఏసుకుంటారు గదా."

అత్తగారు గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆయన వెంటనే కదల్లేదు. నేను ఇంకేదైనా అంటానేమోనని చూస్తున్నట్టు కాసేపు నా ముఖంలోకే చూశాడు. "అమ్మికెలాగుంది?" అని అడిగి, సంగతి చెప్తే, "మలేరియా అయితే తగ్గిపోద్ది లెండి," అన్నాడు.

డబ్బా సంగతి గోళ్ళాయన మా ఆయనకి చెప్తుంటే నేను విన్నాను. జయపురంలో రేడియో వాళ్ళు ఆయన్ని పది నిమిషాల రికార్డింగుకి పిలిచారు. అర్జీలు పెట్టి పెట్టి, పరీక్షకి వెళ్ళి, రెండేళ్ళు కాచుకుంటే వచ్చిన పిలుపు. ఇంక ఎనిమిది రోజులుంది. విరిగిన గోరు మళ్ళీ ఎదగడానికి రెండు నెలలు పడుతుంది. ఆ డబ్బాలో, అదివరకు విరిగినప్పుడు దాచుకున్న తన గోటిముక్కలే ఉన్నాయట. జిగురుతో అంటిస్తే సరిపోయేదట. తెల్లవి మిల్లు కాలనీ క్లబ్బులో అడిగి తెచ్చుకున్న, పగిలిన టేబుల్ టెన్నిస్ బంతుల ముక్కలు.

"బంతులింకా అడిగి తెచ్చుకోవచ్చుగా," అన్నాడు మా ఆయన.

"ఇంట్లో వాయించుకోడానికైతే పరవానేదండి. రేడియోలో తెలిసిపోద్ది. మూడు వేళ్ళు ఒకలాగ మోగుతాయి, నాలుగోది గరిట తగిలినట్టు."

"మరి డేటు మార్చమని రాయండి."

"ఈసారి తప్పితే మరి పిలవరండి," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

మాత్రలు పడ్డ మూడోరోజుకి అమ్మి లేచి కూర్చుంది. అత్తగారు ఆ మంచి అంతా నాగావళి ఖాతాలో వేసేసింది. ఆ వారమంతా గోడ అవతల ఆయన బంతిముక్క అంటించుకుని ఒకే పాటని మొదలెట్టడం, ఒకే చోట ఆగిపోవడం. మళ్ళీ మొదటినుంచి, మళ్ళీ అక్కడే ఆగడం. నాకు వంట చేస్తుంటే ఆ ఆగిన చోట చెయ్యి ఆగిపోయేది.

"అమ్మా, ఎందుకాపేస్తన్నాడు?" అంది అమ్మి.

"గోరు విరిగిపోయిందంట."

"నాది ఇద్దును, తీసీసేడు గదా."

"నీది ఏటి సేసేడే?" అన్నాను, చేస్తున్న పని వదిలేసి.

"మందారం మొదట్లో పడేసేడు. ఆయన పొడి కూడా రోజూ అక్కడే ఏస్తాడు. మామ్మకి ఇంట్లో ఉంటే ఇష్టం నేదని."

నేను పెరట్లోకి వెళ్ళి మందారం మొదట్లో చీపురుపుల్లతో కెలికి చూశాను. నా బుర్ర అలాంటిది. బూడిదలాంటి తెల్లపొడి, కుళ్ళిన ఆకుల్లో కలిసిపోయి కనపడింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. పిల్లకి బాగైపోయిందన్న ఏడుపు కొంత, తప్పు చేశానన్న ఏడుపు కొంత.

రికార్డింగు రెండురోజులుందనగా, అత్తగారు కునుకు తీస్తున్న మధ్యాహ్నం నా ఎడమ బొటనగోరుని బట్టల కత్తెరతో, చిట్లకుండా, అంచు నుంచి అంచు దాకా తీశాను. ఇన్నేళ్ళుగా చింతపండు చీల్చిన గోరు, మంచి మందం. ఆ రోజు ఆయనకి శెలవు. గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

"ఇది ఉంగరంవేలికి సరిపోద్దేటి?"

ఆయన గోరు వైపు చూశాడు, నా చేతివైపు చూశాడు. మా ఇళ్ళల్లో ఆడది తన గోరు తీసి పరాయివాడి చేతిలో పెట్టడం ఎంత మాటో ఆయనకి తెలుసు. చెయ్యి చాపలేదు. కాయితం చాపాడు.

"అరగదీస్తే సరిపోద్ది," అన్నాడు.

"పనైపోయేక నాది నాకిచ్చియ్యాల. ముక్క కూడా మిగుల్చుకోకూడదు."

"పొడి కూడా ఇచ్చెస్తాను," అన్నాడు.

అక్కడే, ఆ గుమ్మంలోనే, నేను చూస్తుండగానే వెలుతురుకి ఎత్తి చూసుకుంటూ దాన్ని దిద్దాడు. అలా చూస్తూ నిలబడ్డది భయంతోనే. అది దాచుకోవడం దేనికి. జిగురు ఆరాక ఉంగరంవేలితో ఒక్క తీగ మీటి, తల వంచి విన్నాడు. మళ్ళీ మీటాడు. "మీది నా గోటికన్నా గట్టిది," అన్నాడు. "గోరేదమ్మీ?" అని అత్తగారు సాయంత్రం అడిగితే, విరిగిపోయిందన్నాను.

జయపురం నుంచి వచ్చిన రోజు సంచి కూడా దించకుండా పెరటి అరుగు దగ్గరికి వచ్చాడు. చొక్కా జేబులోంచి రెండు పొట్లాలు తీసి అరుగు మీద పెట్టాడు. ఒకదాన్లో గోరు, ఒకదాన్లో పొడి.

"సరిసూసుకోండి వదినగారూ."

నిజంగానే విప్పి చూసుకున్నాను. నేను మడుస్తుంటే ఆయన అన్నాడు, "ఆ రోజు నేను వంతెన మీదున్నాను."

"ఏ రోజు?"

"మీరు రేవులో మునిగిన రోజు. రైలు వంతెన మీద కేబుల్ పని పడింది."

"మరైతే డబ్బా సూసేరా అని నన్నెందుకడిగేరు?" అని నోటి దాకా వచ్చింది. అడిగితే ఒప్పుకున్నట్టే. మింగేశాను.

"నేనెందుకెళ్తాను రేవుకి, జరం పిల్లనొదిలేసి? ఎవరినో సూసి నేననుకునుంటారు."

ఆయన కుడిచెయ్యి ఎత్తి, బోసిపోయిన ఉంగరంవేలు చూసుకున్నాడు. "అయ్యుండొచ్చండి," అన్నాడు. "దూరం గదా."

ఆయన్ని గురించి నాకు తెలిసినదంతా ఆ మాటలో ఉంది. చేతికి చిక్కినదాన్ని వదిలేశాడు. వదిలేసినట్టు కూడా కనపడనివ్వలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న రేడియోలో ఆ పది నిమిషాలూ వచ్చాయి. మా ఆయన కొట్లోంచి రేడియో ఇంట్లోకి తెచ్చాడు. "ఏటిది, వీణ కాదు, ఏటీ కాదు," అంటూనే అత్తగారు ఆఖరిదాకా విన్నది. నా గోరు ఎక్కడ మోగుతోందా అని నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. నాకు తెలియలేదు. తెలిసిందల్లా ఆ చోటు వచ్చినప్పుడు పాట ఆగలేదని.

తర్వాత ఆయనకి కోరాపుట్ బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు అమ్మికి ఉప్పుకాగితం ముక్క ఒకటి ఇచ్చాడు. అత్తగారికి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నాకు దూరం నుంచే, చేతులు ఆననివ్వకుండా నమస్కారం పెట్టి, వస్తానన్నాడు. రాలేదు. నేను ఉత్తరమైనా రాయలేదు. పొట్లాలు రెండూ పారెయ్యలేక బీరువాలో పాత చీరల కింద పెట్టాను.

నా పుట్టిల్లు పార్వతీపురం. అక్కడికి వెళ్ళే రైలు నాగావళి వంతెన దాటే వెళ్తుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళానో, ఒక్కసారీ రేవు కనపడే వైపు కూర్చోలేదు. ఆయన అన్నమాటే నిజమనుకోవడం నాకు బాగుండేది. దూరం గదా. ఎవరో అనుకుని ఉంటాడు గదా.

ఆయన పోయాడని విన్న వారానికి రైలెక్కి ఆ వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. వంతెన మీద బండి నెమ్మదించింది. రేవులో ఎవరో ఆడమనిషి బట్టలుతుకుతోంది. నీలం చీర, పచ్చ జాకెట్టు. తల ఎత్తి రైలు వైపు చూసింది. ముక్కుపుడక కూడా కనపడింది.